మూసీ కాల్వ కింద పొలాలు చౌడు పడుతున్నాయి, జిప్సం వేస్తే సరిపోతుందా?

ఉప్పల్_రైతుబిడ్డ:

అందరికీ నమస్తే. ఉద్యోగం, ఇల్లు ఉప్పల్‌లోనే అయినా మా పొలం పోచంపల్లి వైపు, పిల్లాయిపల్లి కాల్వ కింద ఉంది. నాన్నది, బాబాయిది కలిపి ఆరెకరాల చిల్లర. అంతా వరే. మూసీ నీళ్లు వస్తాయి కాబట్టి మాకు నీటి కరువు తెలియదు, కానీ ఇప్పుడు ఆ నీళ్లతోనే గోస మొదలైంది. కొన్ని మడుల్లో నాటు పెడితే పిలకలు రావడం లేదు, ఆకు చివర్లు ఎండిపోయి మొక్క అట్లాగే గిడసబారి నిలబడుతుంది, ఎంత యూరియా చల్లినా ఉలుకూ పలుకూ ఉండదు. ఎండాకాలంలో చూస్తే మిట్ట మడుల్లో పైన పిండి చల్లినట్టు తెల్లగా పేరుకుంటోంది. దిగువన ఒర్రె (నీళ్లు పారిపోయే చిన్న వాగు) పక్కనున్న మడులు మాత్రం వేరే రకం. అక్కడ తెలుపు లేదు, నల్లగా జిడ్డుగా ఉంటుంది, వాన పడితే నీళ్లు రోజుల తరబడి బురద రంగులోనే నిలబడతాయి, ఎండితే నాగలి దిగదు.

ఇది మా ఒక్కరి బాధ కాదు. పక్క పక్కనే ఇరవై మంది రైతులం ఉన్నాం, అందరిదీ కలిపితే నలభై ఎకరాల దాకా వస్తుంది. మొన్న రైతు వేదిక దగ్గర కూర్చుని, ఎవరికి వాళ్లు కాకుండా అందరం కలిసి ఏదైనా చేద్దాం అనుకున్నాం. కానీ ఏం చేయాలన్న దగ్గర తలో మాట. ఒకాయన లారీల్లో జిప్సం తెప్పిద్దాం అంటాడు, ఇంకొకాయన జీవామృతం చాలంటాడు, మందుల షాపాయన ఏదో సీసా చూపించి ఎకరానికి రెండు లీటర్లు పోస్తే చౌడు విరుగుతుందంటున్నాడు. కొంతమందైతే సిటీలో మురుగు శుద్ధి ప్లాంట్లు కడుతున్నారు కదా, నీళ్లు బాగుపడితే నేల దానంతట అదే బాగవుతుంది, ఆగుదాం అంటున్నారు. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి. అందరి దగ్గరా డబ్బులు వసూలు చేశాక పని కాకపోతే ఊళ్లో మళ్లీ తలెత్తుకోలేను, ఆ టెన్షన్ ఒకటి.


రిటైర్డ్_భూసారం:

బాబూ, మీరు రాసిన దాన్ని బట్టే మీ దగ్గర రెండు రకాల చౌడు ఉన్నట్టుంది. రెంటికీ వైద్యం ఒకటి కాదు. మిట్టన తెల్లగా పేరుకునేది పాల చౌడు, నీటిలో కరిగే లవణాలు ఎక్కువైన నేల. దానికి జిప్సంతో పని లేదు, మంచి నీళ్లు నిలగట్టి ఆ ఉప్పును కిందికి దింపి బయటికి పంపాలి. ఒర్రె పక్కన మీరు చెప్పింది కారు చౌడు లక్షణం. అక్కడ మట్టి రేణువులను సోడియం పట్టుకుని ఉంటుంది, ఉత్త నీళ్లకు కదలదు. జిప్సంలోని కాల్షియం ఆ సోడియంను తోసేసి దాని చోట్లో కూర్చుంటుంది, తోసేసిన సోడియం సల్ఫేటుగా మారి నీళ్లలో కరుగుతుంది. ఆ నీళ్లు పొలం దాటి పోవాలి. పోకపోతే సోడియం మళ్లీ అక్కడే ఉంటుంది, మీ జిప్సం డబ్బులు మాత్రం పోతాయి. అందుకే జిప్సం లారీ కంటే ముందు పొలం నీళ్లు బయటికి పోయే మురుగు కాల్వ సంగతి చూడండి. ఒర్రె తెరిచి ఉందా, పూడిపోయిందా? మీరు రాయలేదు.

పుస్తకం లెక్క చెప్పాలంటే ఇసి (విద్యుత్ వాహకత, మట్టిలో ఉప్పు ఎంతుందో చెప్పే కొలత) మీటరుకు 4 డెసిసీమెన్లు దాటి, పీహెచ్ 8.5 లోపు ఉంటే పాల చౌడు, పీహెచ్ 8.5 దాటి మట్టిలో మార్పిడి సోడియం (రేణువులను పట్టుకున్న సోడియం) శాతం 15 దాటితే కారు చౌడు, రెండూ కలిసినవీ ఉంటాయి. ఇక్కడ ఒక చిక్కు ఉంది. ఆ 4 అన్నది మట్టిని సంతృప్తంగా తడిపి పిండిన ద్రావణానికి చెప్పిన అంకె. మన దగ్గర చాలా ల్యాబుల్లో ఒక పాలు మట్టికి రెండున్నర పాళ్ల నీళ్లు కలిపి చూస్తారు, నీళ్లు ఎక్కువ కాబట్టి అంకె బాగా తక్కువ వస్తుంది. ఒకటిన్నర వచ్చిందని చూసి మా నేలకేం కాలేదని ఇంటికి వెళ్లిపోయినవాళ్లను చాలామందిని చూశాను. ఏ పద్ధతిలో చేశారో అడగండి.

భూసార కార్డులో 12 అంశాలు ఉంటాయి, పీహెచ్, ఇసి వాటిలో ఉన్నాయి కానీ సోడియం శాతం, జిప్సం అవసరం ఉండవు. అవి విడిగా అడిగి చేయించుకోవాలి, జిప్సం అవసరాన్ని జీఆర్ అంటారు. మట్టి తీసేటప్పుడు మామూలు పంటకు తీసినట్టు పై జానెడు తీస్తే చౌడు విషయంలో చాలదు. గొయ్యి తవ్వి 15 సెంటీమీటర్ల వరకు ఒకటి, 30 వరకు ఒకటి, 60 వరకు, 90 వరకు, ఇలా పొర పొరకీ విడి నమూనా తీయండి. పైన తెల్లటి పెచ్చు ఉంటే దాన్ని గీకి వేరే కవర్లో వేయండి, కలిపేస్తే లెక్క తప్పుతుంది. మిట్టకు ఒక గొయ్యి, పల్లానికి ఒకటి, బాగా పండే మడిలో ఒకటి. బాగున్న మడి ఎందుకని చాలామంది వదిలేస్తారు, పోల్చి చూసుకోవడానికి అదే అక్కరకొస్తుంది.

ల్యాబు రిపోర్టు వచ్చేలోపు ఇంట్లో ఒకటి చేసి చూడండి. గాజు గ్లాసులో వాన నీళ్లో, ఆర్వో నీళ్లో పోసి, ఎండిన మట్టి పెళ్ల శనగ గింజంత మెల్లగా వదలండి, కదిలించొద్దు. మర్నాటికి పెళ్ల చుట్టూ పాలలాగా మబ్బు కమ్మి నీళ్లు తేటపడకపోతే సోడియం ఉన్నట్టే. పెళ్ల విడిపోయినా నీళ్లు తేటగా ఉంటే అంత ప్రమాదం లేదు, కాకపోతే ఉప్పు బాగా ఎక్కువున్న మట్టి కూడా నీళ్లను తేటగానే ఉంచుతుంది కాబట్టి దీన్ని నమ్ముకుని లారీ ఆర్డర్ ఇవ్వొద్దు.

సీసా మందు గురించి నన్ను అడగొద్దు. ఎకరానికి టన్నుల్లో కాల్షియం కావలసిన చోట రెండు లీటర్లు ఏం చేస్తుందో ఆ షాపాయననే రాసిమ్మనండి.


ప్రతాపసింగారం_గడ్డి:

అన్నా ఎందుకీ తంటా. మా దిక్కు చాలామంది ఎప్పుడో వరి వదిలేసి పారా గడ్డి పెట్టుకున్నరు. ఉప్పుకు తట్టుకుంటది, నాటు కూలీల బాధ లేదు, కోసినకొద్దీ వస్తది, పొద్దున కోస్తే సాయంత్రానికి డైరీల వాళ్లు డబ్బులు చేతిలో పెడతరు. పీర్జాదిగూడ నుంచి ఇటు మూసీ వెంబడి చూడు, అంతా గడ్డే. సిటీకి పాలు కావాలె, బర్రెలకు గడ్డి కావాలె. చౌడు పోగొట్టుడు ఆఫీసర్ల పని, మన పని కాదు.


ఉప్పల్_రైతుబిడ్డ:

గడ్డి ఆలోచన మాకూ వచ్చింది అన్నా. కానీ మీరు సిటీకి దగ్గర, మాకు బండి కిరాయిలకే సగం పోతుంది. పైగా ఇంట్లోకి బియ్యం కూడా కొనుక్కోవాలంటే నాన్న ఒప్పుకోడు.

మాష్టారూ, చాలా థ్యాంక్స్. ఒర్రె సంగతి కరెక్టుగా పట్టుకున్నారు. ఒర్రె ఉంది, కానీ మా పొలాల దిగువన ఒకచోట పూడ్చేసి నాటు పెట్టుకున్నారు, రెండు మూడు గుంటలు ఉంటుందేమో. పూడ్చింది నాకు వరసకు పెద్దనాన్న అవుతారు. దాని గురించి ఊళ్లో ఎవరూ నోరు విప్పరు.


మార్టూరు_బావ (కూకట్‌పల్లి):

చౌడు అనగానే ఆగి చదివాను, మాది సాగర్ కుడి కాల్వ ఆయకట్టు. మా వైపు కోణంకిలో, కృష్ణా పశ్చిమ డెల్టాలో ఉప్పుగుండూరులో నేల అడుగున పైపులు వేసి చౌడు తీసే పని చేశారు. బాపట్లలోని వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్లు, నెదర్లాండ్స్ సాయంతో, 1990ల చివర్లో మొదలుపెట్టారు. పైపులంటే మామూలు పైపులు కావు, ముడతలు ముడతలుగా ఉండి ఒళ్లంతా చిల్లులుంటాయి, మట్టి దూరకుండా పైన గుడ్డలాంటి వడపోత చుడతారు. సుమారు మీటరు లోతున కందకం తీసి వరసగా పరుస్తారు, అవన్నీ ఒక పెద్ద పైపులో కలుస్తాయి, అది పోయి మురుగు కాల్వలో పడుతుంది. పొలంలో పెట్టిన నీళ్లు కిందికి దిగుతూ ఉప్పును లాక్కుని ఆ చిల్లుల్లోంచి బయటికి పోతాయి. పైన చూస్తే మామూలు పొలమే, దున్నుకోవచ్చు, నాటుకోవచ్చు.

ఇందులో ఉన్న మెలిక ఏంటంటే ఒక్క రైతు వేసుకుంటే పనికిరాదు. పైపు పక్కాయన పొలంలోంచి పోవాలి, దాని పక్కాయన పొలంలోంచి పోవాలి, చివరికి కాల్వలో పడాలి. మధ్యలో ఒక్కడు కాదంటే పైనున్నవాళ్లందరికీ ఆగిపోతుంది. పల్లం చాలక నీళ్లు వాటంతట అవి పోని చోట తొట్టి కట్టి మోటారు పెట్టి తోడాలి. హర్యానాలో గోహానా వైపు డచ్చి వాళ్ల సాయంతోనే పెద్ద ఎత్తున వేశారు, రైతు సంఘాలు కూడా పెట్టారు, కానీ మోటారుకు డీజిల్ ఎవరు పోయించాలి అన్న దగ్గర చాలా చోట్ల తకరారు వచ్చింది. వానలు బాగా పడిన ఏడాది అందరికీ మోటారు కావాలి, మామూలు ఏడాది ఎవరికీ గుర్తుండదు, బిల్లు మాత్రం ఉంటుంది.

మీకు పైపుల దాకా అక్కర్లేదేమో, మీది డెల్టా కాదు, ఒర్రెకు వాలు ఉంటుంది. ముందు తెరిచి ఉన్న కాల్వలు బాగుచేసుకుంటే చాలావరకు తేలుతుంది. ఇంకోటి, తుంగభద్ర కింద సింధనూరు, గంగావతి వైపు మన ఆంధ్రా నుంచి వెళ్లి క్యాంపులు పెట్టుకున్నవాళ్లు ఉన్నారు కదా, మా చుట్టాలు కూడా ఉన్నారు, అక్కడ ఆరుతడి పంటలకని ఇచ్చిన నీళ్లతో కూడా వరి వేసి వేసి చివరికి ఊట పైకొచ్చి నేల ఉప్పెక్కింది. నీళ్లు దండిగా ఉన్నాయని వరి మీద వరి వేసుకుంటూ పోతే ఎక్కడైనా ఇంతే. మీరు యాసంగిలో కూడా వరేనా?


లక్నో_రిటర్న్:

సమిష్టిగా చేయడం గురించి అడిగారు కాబట్టి ఒక మాట. ఉత్తరప్రదేశ్‌లో కొన్నాళ్లు పనిచేశాను, అక్కడ కారు చౌడు నేలను ఊసర్ అంటారు. 1993లో ప్రపంచ బ్యాంకు రుణంతో అక్కడి భూమి సుధార్ నిగమ్ దీని మీద పెద్ద ప్రాజెక్టు మొదలుపెట్టింది, విడతలు విడతలుగా చాలా ఏళ్లు నడిచింది. అందులో నాకు నచ్చింది గుంపు కట్టిన తీరు. ఊరికి ఒక కమిటీ ఉంటుంది కానీ అసలు పని జరిగేది సుమారు నాలుగు హెక్టార్ల బ్లాకులో, అంటే మన లెక్కలో పదెకరాలు. ఆ పదెకరాల రైతులకు ఒక బోరు, ఒక గుంపు. గట్లు వేయడం, చదును చేయడం, పొలం కాల్వ తవ్వడం వాళ్లే చేయాలి. ఆ పనులు అయినట్టు చూశాకే జిప్సం. అందుకని ఎవరు గట్టు వేయలేదో పక్కవాడే వెళ్లి అడిగేవాడు, ఆఫీసరు అడగక్కర్లేదు.

మీరు కూడా నలభై ఎకరాలకు ఒకటే సంఘం పెట్టకండి. ఇరవై మందితో మీటింగ్ అంటే ఐదుగురు మాట్లాడతారు, మిగతావాళ్లు టీ తాగి వెళ్తారు. నాలుగు గుంపులు చేయండి, ఒకే పొలం కాల్వ మీద ఉన్నవాళ్లు ఒక గుంపు. కులం, పార్టీ చూసి గుంపు కట్టారో, నీళ్లు ఆ లెక్కన పారవు మరి.

అక్కడ కూడా బాగుపడ్డ నేలలు కొన్ని చోట్ల మళ్లీ చౌడుకే తిరిగాయి. పెద్ద కాల్వల పక్కన ఊట ఎక్కువగా ఉన్న చోట, మురుగు కాల్వలు తీసిన తర్వాత పట్టించుకోని చోట. తీయడం ఒకసారి, పూడిక ప్రతి ఏడూ. ఆ డబ్బు మొదట్లోనే విడిగా పెట్టకపోతే తర్వాత ఎవరూ ఇవ్వరు.


చిట్యాల_శీను:

ఒర్రె పూడ్చిన పెద్దనాన్న గురించి ఎవరూ చెప్పట్లేదు, నేను చెప్తా. తహసీల్దారు దగ్గరికి పోకు, ముందే పోతే పని అక్కడితో ఆగిపోతది, ఇంక ఆయన జిందగీల ఒప్పుకోడు. గ్రామ నక్షా తీసుకో, అందులో ఒర్రె గీత ఉంటది, జేబులో పెట్టుకో, బయటికి తీయకు. ఆయనతో కూర్చున్నప్పుడు ఆయన మడుల సంగతే మాట్లాడు. ఒర్రె మూసినోడి పొలంలోనే కదా నీళ్లు ఎక్కువ నిలిచేది, ఆయన పంట కూడా పోతనే ఉంటది, కానీ మన ముందర ఒప్పుకోడు. కల్వర్టు తూములు నాలుగు వేసి పైన మట్టి పోస్తే ఆయనకు దారి దొరుకుతది, కింద నుంచి నీళ్లు పోతయి. రెండు గుంటలు పోయినందుకు గుంపు తరఫున జిప్సంలో ఆయన వాటా మాఫీ చేయండి. నక్షా చూపించే అవసరమే రాదు.

ఇంకో సంగతి, నీలెక్క సిటీల ఉండే పట్టాదారులు మీ ఇరవై మందిల ఎంతమంది? ఆ పొలాలు చేసేది కౌలుదారులు కదా. ఏడాది కౌలు చేసేటోడు జిప్సంకు పైసలు ఎందుకు పెడతడు, నేల బాగయ్యేది మూడో ఏడాది, అప్పటికి ఆయన ఉంటడో లేదో. పైసలు పట్టాదారు పెట్టాలె, లేకపోతే కౌలు మూడు నాలుగేండ్లకు రాసియ్యాలె. ఇది తేల్చకుండా మీటింగ్ పెడితే సగం మంది రారు. ఇంకా కొందరు చౌడైతే మంచిదే, ప్లాట్లు చేసి అమ్ముకోవచ్చు అని లోపల లోపల అనుకుంటరు, వాళ్లను లెక్కలో వేసుకోకు.


ఉప్పల్_రైతుబిడ్డ:

శీనన్నా, పదకొండు మంది పట్టాదారులం సిటీలోనే ఉన్నాం, కొట్టినట్టు చెప్పావు. మా ఆరెకరాల్లో కూడా రెండెకరాలు కౌలుకే ఇచ్చాం.

మార్టూరు అన్నా, అవును, యాసంగిలో కూడా వరే. నీళ్లు వస్తుంటే వేరేది వేయాలని ఎవరికీ తోచదు.

మాష్టారూ, రెండు డౌట్లు. మంచి నీళ్లతో ఉప్పు కడగాలి అన్నారు, మాకు ఉన్నవే మూసీ నీళ్లు, బోరు నీళ్లు. కడిగేది దేంతో? శుద్ధి ప్లాంట్లు పూర్తయితే ఆ నీళ్లతో కడగొచ్చా?


రిటైర్డ్_భూసారం:

మంచి ప్రశ్న. చాలామంది ఇక్కడే పొరబడతారు. మురుగు శుద్ధి ప్లాంటు కంపును, సేంద్రియ మలినాన్ని, క్రిములను తగ్గిస్తుంది. కరిగి ఉన్న ఉప్పును తీయదు. సబ్బుల్లో, డిటర్జెంటుల్లో, వంటింటి నీళ్లలో వచ్చిన సోడియం ప్లాంటులోకి ఎంత వెళ్తే దాదాపు అంతే బయటికి వస్తుంది. నీళ్లు తేటగా కనిపిస్తాయి, వాసన రాదు, మనుషుల ఆరోగ్యానికి అది చాలా మంచిదే, కాదనను. కానీ మీ చౌడు లెక్కలో పెద్ద తేడా రాదు. దాని కోసం ఆగొద్దు.

ఉప్పు లెక్క ఒకసారి వేసి చూడండి. లీటరులో ఒక గ్రాము లవణాలున్న నీళ్లు అనుకుందాం, మీవి ఎంతో పరీక్షలో తేలుతుంది. వరి పంటకు 1200 మిల్లీమీటర్ల నీళ్లు పెట్టారనుకుంటే ఎకరానికి సుమారు 48 లక్షల లీటర్లు. అంటే ఒక్క పంటలో ఎకరం మడిలోకి దగ్గర దగ్గర 4.8 టన్నుల ఉప్పు వస్తుంది. మొక్క అందులో తీసుకునేది స్వల్పం. నీళ్లు ఆవిరైపోతాయి, ఉప్పు పోదు. కిందికి దిగి ఒర్రెలోకి పోతే పోయినట్టు, లేకపోతే పొలంలోనే. రెండు పంటలైతే రెండింతలు.

కడగడానికి మీకున్న మంచి నీళ్లు వాన నీళ్లే. మీ వైపు ఏడాదికి 700 నుంచి 800 మిల్లీమీటర్లు పడుతుంది, అందులో ఉప్పు లేనట్టే. ఆ వానను పొలం దాటిపోనివ్వకండి. జూన్‌లోపే గట్లు ఎత్తు చేసి, మడిని చదును చేసి పెట్టుకుంటే పెద్ద వానలన్నీ మడిలోనే నిలిచి కిందికి దిగుతాయి. చదును అంటే నిజంగా చదును. బెత్తెడు మిట్ట ఉన్నా అక్కడ నీళ్లు నిలవవు, ఉప్పు అక్కడికే ఎక్కుతుంది, మీ తెల్ల మచ్చలు మిట్ట మీద ఉన్నది అందుకే. బోరు నీళ్లను కూడా పరీక్షించండి. నల్లగొండ వైపు బోర్లలో కార్బొనేట్ ఎక్కువున్నవి ఉన్నాయి, అవశేష సోడియం కార్బొనేట్ లీటరుకు 2.5 మిల్లీ ఈక్వివలెంట్లు దాటితే ఆ నీళ్లే కారు చౌడును తెచ్చిపెడతాయి.

ఒక హెచ్చరిక. ఉప్పు, సోడియం రెండూ కలిసి ఉన్న మడులను జిప్సం లేకుండా ఉత్త వాన నీళ్లతో కడగకండి. పైనున్న ఉప్పు పోయి సోడియం మిగులుతుంది, అప్పుడు మట్టి విడిపోయి బిగుసుకుని, పీహెచ్ పెరిగి, మొదటి కంటే అధ్వాన్నం అవుతుంది. రిపోర్టు లేకుండా అడుగు వేయొద్దని నేను పదే పదే అనేది దీని కోసమే.

జిప్సం వేసే మడుల సంగతి. జీఆర్ ఎంత వచ్చిందో అందులో సగం వేస్తే వరి మొదలుపెట్టడానికి సరిపోతుంది, మిగతా పని వరి వేర్లు, నిలవ నీళ్లు చేసుకుంటాయి. ఉత్తరప్రదేశ్, హర్యానాల్లో పీహెచ్ 10 దాకా పోయిన నేలలకు హెక్టారుకు 10 నుంచి 15 టన్నులు వేశారు, మీకు అంత రాకపోవచ్చు. మెత్తటి పొడి తీసుకోండి, 2 మిల్లీమీటర్ల జల్లెడ దాటేలా ఉండాలి. చల్లి, పై 10 సెంటీమీటర్లలో మాత్రమే కలపండి. లోతు దుక్కిలో కలిపితే కిందకు పోయి చెదిరిపోతుంది. జిప్సం లీటరు నీళ్లకు రెండున్నర గ్రాములకు మించి కరగదు, టన్ను కరగాలంటే 4 లక్షల లీటర్లు కావాలి. అందుకే వారం పది రోజులు మడిలో నీళ్లు నిలవనిచ్చి, తర్వాత ఒర్రెలోకి వదిలి, అప్పుడు నాటండి.

నాటేటప్పుడు లేత నారు వద్దు. 30, 35 రోజుల నారు, కుదురుకు నాలుగైదు మొక్కలు. వరి ఉప్పుకు దెబ్బతినేది లేత వయసులో, పూత దశలో. నత్రజని మామూలు కంటే పావు వంతు ఎక్కువ, దుక్కిలో ఎకరానికి 20 కిలోల జింకు సల్ఫేటు. భాస్వరానికి డీఏపీ బదులు సింగిల్ సూపర్ వేస్తే అందులో కాస్త జిప్సం కూడా ఉంటుంది. రకాల్లో కర్నాల్ వాళ్ల సీఎస్ఆర్ 36, ఇక్కడ రాజేంద్రనగర్ వరి పరిశోధన సంస్థ వాళ్ల డీఆర్ఆర్ ధాన్ 39 చౌడుకు తట్టుకునేవి. విత్తనం దొరుకుతుందో లేదో ముందే కనుక్కోండి, నారు పోసే రోజున వెతకొద్దు.

వరి కోశాక నేలను ఎండకు ఖాళీగా వదలకండి, అడుగు ఉప్పు పైకి లాగేది అప్పుడే. తొలకరికి ముందే జీలుగ (పచ్చిరొట్ట పైరు) చల్లి, పూతకు వచ్చేటప్పుడు కలియదున్నండి. జీవామృతం అన్న పెద్దమనిషిని తీసిపారేయకండి, సేంద్రియ పదార్థం కుళ్లినప్పుడు పుట్టే ఆమ్లాలు నేలలోని సున్నాన్ని కొంత కరిగిస్తాయి, అదీ కాల్షియమే. కాకపోతే అదొక్కటే చాలదు.


ప్రతాపసింగారం_గడ్డి:

మాష్టారు, గడ్డికి కూడా ఇదే లెక్క వర్తిస్తదా? మేము ఏడాది పొడుగునా మూసీ నీళ్లే పెడుతున్నం.


రిటైర్డ్_భూసారం:

వర్తిస్తుంది. గడ్డి తట్టుకుంటుంది కాబట్టి మీకు తెలియడం లేదు, ఉప్పు మాత్రం ఏటా పేరుకుంటూనే ఉంటుంది. నీళ్లు నిండుగా పెడుతున్నారు, పొలం నది ఒడ్డునే ఉంది, కొంత కిందికి దిగి నదిలోకి పోతుంటుంది, అదొక్కటి మీకు కలిసొచ్చేది. గడ్డి తీసేసి వేరేది వేద్దాం అనుకున్న రోజు బయటపడుతుంది.


మార్టూరు_బావ (కూకట్‌పల్లి):

ఒక్కటి మర్చిపోయాను, చెరువు మట్టి. మిషన్ కాకతీయలో తోలుకుని బాగుపడ్డవాళ్లు చాలామంది ఉన్నారు, మీ వాళ్లు కూడా అంటారు తోలదాం అని. మూసీ నీళ్లు దిగే చెరువు మట్టి మాత్రం పరీక్ష లేకుండా తోలొద్దు, ఉన్న ఉప్పుకు ఇంకో లారీ తోడవుతుంది.


చిట్యాల_శీను:

కరెక్ట్. మరి ఒర్రె పూడికకు ఉపాధి హామీలో పెట్టించుకోండి, కాల్వల పూడిక ఆ పనుల్లో చేయించుకున్న ఊళ్లు ఉన్నయి. గ్రామ సభలో తీర్మానం కావాలె, ముందే రాయించు. జేసీబీ అయితే ఒకటే రోజు, కానీ కిరాయి జేబులోంచి పోతది.


ఉప్పల్_రైతుబిడ్డ:

నిన్న ఆదివారం ఊరికి వెళ్లొచ్చాను. జిప్సం మాట ప్రస్తుతానికి పక్కన పెట్టాం. ఒకే పొలం కాల్వ మీద ఉన్న తొమ్మిది మందితో ముందు ఒక గుంపు మొదలుపెడుతున్నాం, మిగతావాళ్లు చూసి వస్తే వస్తారు. మా కౌలుదారుకు నాలుగేళ్లకు రాసిస్తానని నాన్న ఒప్పుకున్నాడు, బాబాయి ఇంకా ఏమీ తేల్చలేదు. పెద్దనాన్నతో నేను మాట్లాడలేదు, ఆయన చిన్న కొడుకుతో మాట్లాడాను, తూముల ఖర్చు ఎవరిదని అడిగాడు, కాదనలేదు. గ్లాసు పరీక్ష కూడా చేశాం, ఒర్రె పక్క మట్టి రాత్రికే మబ్బు పట్టింది, మిట్ట మట్టి తేటగానే ఉంది. మూడు గోతులు తీసి నమూనాలు తీస్తున్నాం. కవర్లు ఎన్ని, నీళ్లు ఎంత తేవాలి మాష్టారూ?


రిటైర్డ్_భూసారం:

గొయ్యికి నాలుగు కవర్లు, పెచ్చు విడిగా ఉంటే ఇంకొకటి. పొరకు అరకిలో చాలు, నీడన ఆరబెట్టి తేవాలి, ఎండలో వద్దు. పాత యూరియా సంచుల్లో మాత్రం తేకండి, రిపోర్టు పాడవుతుంది. ప్రతి కవరు లోపల పెన్సిలుతో రాసిన చీటీ పెట్టండి, పెన్ను సిరా తడికి పోతుంది. నీళ్లు కాల్వవి ఒక లీటరు, బోరువి ఒక లీటరు. బోరును కాసేపు పోనిచ్చాక పట్టండి, సీసాను అవే నీళ్లతో మూడుసార్లు కడిగి, అంచు దాకా నింపి మూత పెట్టండి. ఇసి, పీహెచ్, జీఆర్, సోడియం శాతం, నీళ్లకు అవశేష కార్బొనేట్ అని కాగితం మీద రాసి ఇవ్వండి, నోటితో చెప్తే మామూలు పరీక్ష చేసి పంపేస్తారు. రిపోర్టులు వచ్చాక అంకెలు ఇక్కడే పెట్టండి, చూస్తాను.